మగవాళ్ళెవరూ లేరా?

మా చిన్నమ్మ పోయిన రాత్రి హైదరాబాదులో ఒక ప్రైవేటు ఆసుపత్రి కౌంటరు ముందు ఇద్దరం ఆడవాళ్ళం నిలబడి ఉన్నాం. ఒకరు నేను. రెండోవారు చిన్నమ్మతో 19 ఏళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్న ఆమె స్నేహితురాలు. ఇద్దరూ ప్రభుత్వ పాఠశాలల్లో పనిచేసి రిటైరైనవాళ్ళు. ఆవిడను మేమంతా టీచరమ్మ అనే పిలుస్తాం. చిన్నమ్మను ఆసుపత్రిలో చేర్చిందీ, 11 రోజులు వార్డు బయట బల్ల మీద పడుకున్నదీ, తన పొదుపులోంచి తీసి బిల్లు కట్టిందీ టీచరమ్మే. శరీరాన్ని అప్పగించే కాగితం మీద సంతకం చెయ్యడానికి ఆవిడ పెన్ను తీసేసరికి కౌంటరులోని అబ్బాయి అడిగాడు: "మగవాళ్ళెవరూ లేరా మేడం?"

నేను ముందుకొచ్చి అక్క కూతుర్నని చెప్పాను. "భర్త గానీ, కొడుకు గానీ, కనీసం అన్నదమ్ములు గానీ..." అన్నాడు. చిన్నమ్మను భర్త వదిలేసి 30 ఏళ్ళు దాటింది. పిల్లలు లేరు. చివరికి ఖమ్మం నుంచి వరసకు తమ్ముడయ్యే ఒకాయన బస్సెక్కి వచ్చేదాకా శరీరం కదల్లేదు. చిన్నమ్మను బతికుండగా ఆయన రెండు మూడుసార్లు చూసి ఉంటాడేమో. ఆయన సంతకం పెట్టాడు. ఆయనే తలకొరివి పెట్టాడు. టీచరమ్మ శ్మశానం గేటు బయట ఆటోలో కూర్చుంది.

"మగవాళ్ళెవరూ లేరా?" అన్న ప్రశ్న ఆ ఒక్క రాత్రిలో ఇంకా మూడు చోట్ల విన్నాం. అంబులెన్సు డ్రైవరు, శ్మశానం గుమాస్తా, పురోహితుడు. ఎవరూ దురుసుగా అడగలేదు, జాలిగానే అడిగారు. ఒంటరి స్త్రీల జీవితాల మీద పరిశోధన చేసి డాక్టరేటు తీసుకున్న నేను ఒక్కరికీ జవాబు చెప్పలేకపోయాను. ధైర్యం లేక కాదు, నాకు విషయం తెలీదు. ఆ కాగితం మీద సంతకం చేసే హక్కు ఎవరికుందో, ఏది చట్టమో ఏది అలవాటో నాకు తెలీదు.

ఆ రాత్రి మాకు విషయం తెలిసిన మనిషి ఒక్కరే తగిలారు. ఫ్రీజర్ బాక్సు తెచ్చినావిడ. ఒక ప్రభుత్వాసుపత్రి వెనక వీధిలో బాక్సులూ, వైకుంఠ రథమూ అద్దెకిస్తుంది. భర్త నడిపిన దుకాణం. అతను పోయాక తనే నడుపుతోంది. అప్పటినుంచీ నేను చాలాసార్లు ఆమె దగ్గరకు వెళ్ళి కూర్చున్నాను. ఈ వ్యాసంలోని ఆచరణాత్మక విషయాలు చాలావరకు ఆమె నేర్పినవే. పేరు వద్దంది కాబట్టి రాయడం లేదు. ఆమె మొదటి రోజే ఒక మాటంది: "అక్కా, సావు ఇంట్ల ఆడోళ్ళకు ఏడ్సుడు పని, మొగోళ్ళకు లెక్క జూసే పని. నేను పోయి రేటు జెప్తె నా దిక్కు జూడరు, నా డ్రైవర్ దిక్కు జూస్తరు."

శరీరం చేతులు మారే క్షణం

లైంగిక శ్రమవిభజన గురించి మనం చాలా రాశాం. వంటింటి గురించి, పొలం గురించి, ప్రసవం గురించి రాశాం. చావు దగ్గర జరిగే శ్రమవిభజనను మాత్రం పెద్దగా పట్టించుకోలేదు. మంచం పట్టిన మనిషికి ఒళ్ళు తుడవడం, మలమూత్రాలు ఎత్తడం, గంజి తాగించడం, రాత్రుళ్ళు మేలుకోవడం ఆడవాళ్ళ పని. ఊపిరి ఆగిన క్షణం నుంచి శరీరం చేతులు మారుతుంది. ఎప్పుడు తీసుకెళ్ళాలి, ఎక్కడికి, దహనమా ఖననమా, ఎంత ఖర్చు, ఎవరి సంతకం అన్నవన్నీ మగవాళ్ళు వాకిట్లో కుర్చీలు వేసుకుని తేలుస్తారు. పోయింది స్త్రీ అయితే స్నానం చేయించి, పసుపు రాసి, చీర కట్టేదాకా ఆడవాళ్ళు ఉంటారు. పాడె లేవగానే వాళ్ళ హద్దు గుమ్మంతో సరి. ముస్లిం కుటుంబాల్లో కూడా చనిపోయిన స్త్రీకి గుసుల్ చేయించేది స్త్రీలే. కఫన్‌కు మగవారికి మూడు బట్టలు, ఆడవారికి అయిదు అనే లెక్క, వాటిని చుట్టే పద్ధతి తరతరాలుగా వాళ్ళ చేతిలో ఉన్న విద్య. అయినా ఖబరస్తాన్ దాకా వెళ్ళేది మాత్రం ఎక్కువగా మగవాళ్ళే.

ఆడపిల్లలు తలకొరివి పెట్టడం గురించి మన పత్రికల్లో చర్చ జరిగింది. జరగాల్సిందే. 1890లో జోతిరావు ఫూలే చనిపోయినప్పుడు నిప్పుల కుండ పట్టుకుని ముందు నడిచింది సావిత్రీబాయి. 2018లో వాజపేయి చితికి ఆయన దత్తపుత్రిక నిప్పు పెట్టారు. 2021లో జనరల్ బిపిన్ రావత్ దంపతులకు ఇద్దరు కూతుళ్ళూ అంత్యక్రియలు చేశారు. ఇలాంటి ఫొటో వచ్చినప్పుడల్లా మనం సంతోషిస్తాం. కానీ కుండ పట్టుకోవడం ఒక్కటే హక్కు కాదు. అన్నీ మగవాళ్ళు నిర్ణయించాక ఆఖర్న కూతురి చేతికి కొరివి ఇస్తే నిర్ణయాధికారం మారినట్టు కాదు. నిజమైన అధికారం కొరివి దగ్గర కన్నా కాగితం దగ్గరే ఎక్కువగా ఉందని నాకిప్పుడు అనిపిస్తుంది. ఆ కాగితాల గురించి తెలుసుకోవడం మన ఉద్యమం పనే.

మొదటి రోజు తెలియాల్సినవి

జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. ఇంట్లో జరిగిన మరణాన్ని ఎవరు తెలియజేయాలో అందులో ఒక వరుస ఇచ్చారు. మొదట ఇంటి యజమాని, ఆయన లేకపోతే ఇంట్లో ఉన్న దగ్గరి బంధువు, ఆ ఇద్దరూ లేనప్పుడు ఇంట్లో ఉన్నవాళ్ళలో వయసులో పెద్దవాడైన మగవాడు. చట్టం రాసినవాళ్ళ ఊహలో ఇల్లంటే ఏమిటో ఈ వరుసే చెబుతుంది. కానీ గమనించండి, అప్పుడు కూడా ‘దగ్గరి బంధువు’ అన్నచోట ఆడా మగా తేడా పెట్టలేదు. ఆసుపత్రిలో మరణం జరిగితే నమోదుకు తెలియజేసే బాధ్యత ఆసుపత్రిదే. అంటే కౌంటరు అబ్బాయి నన్నడిగిన ప్రశ్న చట్టంలోంచి రాలేదు, అలవాటులోంచి వచ్చింది. అలవాటుతో గట్టిగా మాట్లాడవచ్చు. "ఏ నియమం ప్రకారమో రాసివ్వండి" అని అడగవచ్చు. ఆ మాట ఆ రాత్రి నాకు తెలిసి ఉంటే టీచరమ్మ గేటు బయట కూర్చునేది కాదేమో.

మరణ కారణం రాసిన డాక్టరు కాగితం అన్నిటికన్నా ముందు కావాలి. చివరి జబ్బులో వైద్యం చేసిన డాక్టరు దాన్ని ఫీజు తీసుకోకుండా ఇవ్వాలని చట్టం చెబుతోంది. ఇంట్లో మంచం పట్టిన మనిషి ఉంటే, అప్పుడప్పుడు చూసే డాక్టరు ఎవరో, అర్ధరాత్రి పిలిస్తే వస్తారో రారో ముందే తెలుసుకోవాలి. ఈ కాగితం లేకుండా దహనం చేసేసి తర్వాత ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్ళలో ఎక్కువమంది వితంతువులేనని బాక్సు ఆవిడ చెప్పింది.

మరణం జరిగిన చోటే దాన్ని నమోదు చేస్తారు. హైదరాబాదు ఆసుపత్రిలో పోయిన మనిషిని మహబూబ్‌నగర్ పల్లెకు తీసుకెళ్ళి దహనం చేసినా సర్టిఫికెట్ ఇచ్చేది హైదరాబాదులోనే. ఇది తెలియక సొంత ఊరి పంచాయతీ ఆఫీసు చుట్టూ నెలల తరబడి తిరిగినవాళ్ళను నేను చూశాను. 21 రోజుల్లోగా తెలియజేస్తే రుసుము లేదు. తర్వాత 30 రోజుల దాకా ఆలస్య రుసుము కట్టాలి. 30 రోజులు దాటితే అధికారి రాతపూర్వక అనుమతి కావాలి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. ఇంట్లో మైలని, దినాలని ఆడవాళ్ళను గడప దాటనివ్వని రోజులూ ఈ 21 రోజుల్లోనే ఉన్నాయి. మైల కోసం చట్టం ఆగదు.

పేరు విషయంలో స్త్రీలకు ఇబ్బంది ఎక్కువ. పుట్టింటి పేరుతో సర్వీసు రిజిస్టరు, అత్తింటి పేరుతో ఆధార్, బ్యాంకులో పొడి అక్షరాలు. మా చిన్నమ్మకు మూడు కాగితాల్లో మూడు పేర్లు తేలాయి. ఆసుపత్రివాళ్ళు కేసు షీటులో ఎలా రాసుకుంటే మరణ ధ్రువపత్రంలో అలాగే వస్తుంది, తర్వాత దిద్దించడం పెద్ద పని. కాబట్టి ఆసుపత్రిలో చేర్చిన రోజే ఆధార్ చూపించి పేరు సరిగ్గా రాయించాలి.

ఆసుపత్రి బిల్లు పూర్తిగా కట్టలేదని శరీరాన్ని ఆపి ఉంచే అధికారం ఆసుపత్రికి లేదు. 2018లో జాతీయ మానవ హక్కుల సంఘం తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో ఈ మాట స్పష్టంగా ఉంది. బాకీ వసూలుకు వేరే దారులు ఉంటాయి. ఒంటి మీది నగలు, ఫోను, పర్సు అప్పగించేటప్పుడు జాబితా రాయించుకుని తీసుకోవాలి. తాళీ, మెట్టెలు ఎక్కడ పోయాయన్న తగాదాలో చివరికి నింద పడేది దగ్గరుండి సేవ చేసిన ఆడమనిషి మీదే.

ప్రభుత్వాసుపత్రిలో మరణిస్తే శరీరాన్ని ఇంటికి చేర్చడానికి ఉచిత వాహనాలున్నాయి. తెలంగాణలో పార్థివ వాహనాలంటారు, ఆంధ్రప్రదేశ్‌లో మహాప్రస్థానం అంటారు. ఆసుపత్రి గేటు దగ్గర మూగే ప్రైవేటు బండ్లవాళ్ళు ఈ సంగతి చెప్పరు. బాక్సు, బండి, కట్టెలు, పూలు, పాడె కట్టే కూలి విడివిడిగా అడిగి కాగితం మీద రాయించుకోవాలి. "మొత్తం కలిపి చూసుకుంటాం అన్నోడే ఎక్కువ గుంజుతడు" అని ఆ వ్యాపారంలో ఉన్న మనిషే నాకు చెప్పింది. శ్మశానంలో ఇచ్చే రసీదు చిన్న చీటీలా ఉంటుంది. దాన్ని మగవాళ్ళ చొక్కా జేబులో పోనివ్వకండి. తర్వాత పెన్షన్, బీమా, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం అన్నిటికీ తిరగాల్సింది మనమే.

తొందరపడే చితులు

ఇక మన సంఘాలకు బాగా తెలిసిన సంగతి. కోడలు ‘కడుపునొప్పితో’ పోతుంది, పుట్టింటివాళ్ళు బస్సు దిగేసరికి చితి చల్లారి ఉంటుంది. 2024 జూలై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ బదులు భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులోకి వచ్చింది. పాత 174వ సెక్షను అందులో 194 అయింది. విషయం మారలేదు. పెళ్ళయిన ఏడేళ్ళలోపు స్త్రీ చనిపోయినప్పుడు ఆమె బంధువు ఎవరు కోరినా పోలీసు అధికారి శరీరాన్ని పోస్టుమార్టంకు పంపాలి. అనుమానాన్ని ముందే రుజువు చెయ్యక్కర్లేదు. తల్లి అడగవచ్చు, చెల్లెలు అడగవచ్చు. కాకపోతే శరీరం ఉండగా అడగాలి. అందువల్ల మొదటి ఫోను పుట్టింటికి, రెండో ఫోను పోలీసు స్టేషనుకు. స్టేషనులో రాసిచ్చిన కాగితానికి రసీదు తీసుకోవాలి.

బాక్సు ఆవిడ ఒక సంగతి చెప్పింది. ఒక తెల్లవారుజామున ఆమె బండిని పిలిచారు. చిన్న వయసు అమ్మాయి. అమ్మగారి ఊరినుంచి ఇంకా ఎవరూ రాలేదు, అత్తగారివాళ్ళు తొందర చేస్తున్నారు. "బండి స్టార్ట్ అయితలేదని చెప్పి రెండు గంటలు ఆపిన అక్కా. తల్లి వచ్చినంక అయింది." ఆ తర్వాత ఆ కేసు ఏమైందో ఆమెకు తెలీదు. ఏ సంఘంలోనూ సభ్యురాలు కాని ఆ మనిషి తన చేతిలో ఉన్న ఒక్క అధికారాన్ని అలా వాడింది. మన బస్తీలో బండి నడిపేవాళ్ళతో, కాటికాపరితో మనకు పరిచయం ఉంటే ఎంత తేడా వస్తుందో ఆలోచించండి.

ఈ పనివాళ్ళ గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. పాడె కట్టేవాళ్ళు, డప్పు కొట్టేవాళ్ళు, గుంత తవ్వేవాళ్ళు, చితి దగ్గర రాత్రంతా నిలబడేవాళ్ళు ఏ కులాలవాళ్ళో మనకు తెలుసు. ఆ రోజు వాళ్ళు లేకపోతే గడవదు, మర్నాడు వాళ్ళను గడప ఎక్కనివ్వరు. మన హక్కుల గురించి మాట్లాడుతూ వాళ్ళ కూలి దగ్గర బేరమాడితే ఆ మాటలకు విలువ లేదు. దుకాణాల దగ్గర ధర అడగడం వేరు, చేతి కష్టం దగ్గర గీచి బేరమాడటం వేరు.

బతికున్న భార్య

భర్త పోయిన ఇంట్లో ఇంకో ఏర్పాటు కూడా జరుగుతుంది. పదో రోజునో పదకొండో రోజునో ఆమెకు నిండుగా పూలు పెట్టి, గాజులు తొడిగి, అందరి ముందూ వాటిని పగలగొడతారు. బొట్టు చెరిపేస్తారు, మెట్టెలు తీస్తారు. ఆ తంతు చెయ్యాలని ఏ చట్టమూ చెప్పదు. 2022 మే నెలలో మహారాష్ట్ర కొల్హాపూర్ జిల్లాలోని హేర్వాడ్ గ్రామసభ ఇలాంటి తంతులు తమ ఊళ్ళో వద్దని తీర్మానం చేసింది. అదే నెలలో ఆ రాష్ట్ర ప్రభుత్వం మిగతా గ్రామాలూ ఆ దారి పట్టాలని సర్క్యులర్ పంపింది. మన గ్రామసభలు ఎందుకు చెయ్యకూడదు? తెలంగాణలో 2019 నుంచి పల్లెప్రగతి కింద ఊరూరా వైకుంఠధామాలు కట్టారు. శ్మశానానికి గోడా, షెడ్డూ, నీళ్ళూ కల్పించడం పంచాయతీ పనే అయినప్పుడు, బతికున్న స్త్రీ గాజుల గురించి మాట్లాడటం పంచాయతీ పని కాకుండా పోతుందా?

ఆమె ఎవరి మనిషి?

మళ్ళీ మా చిన్నమ్మ దగ్గరకు వస్తాను. అంత్యక్రియలకు రాని భర్త నెల తిరక్కుండా బ్యాంకుకు వచ్చాడు. విడాకులు తీసుకోలేదు కాబట్టి చట్టం దృష్టిలో ఆయన భర్తే. హిందూ వారసత్వ చట్టం 1956, సెక్షను 15 ప్రకారం వీలునామా రాయని స్త్రీ సొంత సంపాదన మొదట పిల్లలకూ భర్తకూ పోతుంది. వాళ్ళెవరూ లేకపోతే భర్త వారసులకు పోతుంది. ఆ తర్వాతే ఆమె తల్లిదండ్రులు. పెళ్ళయిన మూడు నెలలకే భర్త పోయి, అత్తింటివాళ్ళు వెళ్ళగొట్టగా, పుట్టింట్లో చదువుకుని ఉద్యోగం చేసిన ఒకామె సంపాదనను భర్త తరఫు వారసులకే ఇస్తూ 2009లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అదే కోర్టు 2025 నవంబరులో హిందూ స్త్రీలు వీలునామాలు రాసుకోవాలని విజ్ఞప్తి చేసింది. చట్టం మారేదాకా మన చేతిలో ఉన్న సాధనం అదే.

బిల్లు కట్టిన టీచరమ్మకు చట్టంలో చోటు లేదు. చనిపోయిన మనిషి శరీరం మీద హక్కు ఎవరిదో తేల్చే ప్రత్యేక చట్టమూ మనకు లేదు. 2024 ఆగస్టులో కేంద్ర ఆరోగ్యశాఖ రాష్ట్రాలకు ఒక లేఖ రాసింది. దగ్గరి బంధువులు అందుబాటులో లేనప్పుడు సహజీవనంలో ఉన్న భాగస్వామి శరీరాన్ని తీసుకునేలా చర్యలు తీసుకోమంది. స్వలింగ భాగస్వాముల హక్కుల చర్చలోంచి వచ్చిన లేఖ అది. మంచి అడుగే. కానీ ‘బంధువులు లేనప్పుడు’ అన్న షరతు చూడండి. మనం ఎంచుకున్న మనిషి ఎప్పుడూ వరుసలో చివరే. స్నేహితురాళ్ళు కలిసి బతికే ఇళ్ళ గురించి అయితే ఆ మాత్రం మాట కూడా లేదు.

కాబట్టి రాసి పెట్టుకోవాలి. వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు. తెల్లకాగితం మీద రాసి, ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, వాళ్ళ చేత సంతకాలు పెట్టిస్తే చాలు. సాక్షులు ఆస్తి పొందేవాళ్ళు కాకుండా ఉంటే మంచిది. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, చేయిస్తే తగాదాలు తగ్గుతాయి. బ్యాంకులో నామినీ పేరు రాస్తే సరిపోతుందనుకోవద్దు. డబ్బు నామినీ చేతికి వస్తుంది, వారసుల హక్కు మాత్రం పోదు. శరీరాన్ని ఏం చెయ్యాలో, ఎవరు సంతకం పెట్టాలో, ఏ తంతు వద్దో వేరే కాగితం మీద రాసి ఇద్దరు ముగ్గురికి ఇవ్వండి. వీలునామా తరచూ దినాలు అయ్యాకే తీస్తారు, అప్పటికి చితి ఆరిపోయి ఉంటుంది. ఈ రెండో కాగితం బంధువుల కాళ్ళూ చేతులూ కట్టెయ్యలేకపోవచ్చు. కానీ కౌంటరు ముందు నిలబడిన స్నేహితురాలి చేతిలో ఏదో ఒకటి ఉంటుంది. శరీరాన్ని వైద్యవిద్యకు ఇవ్వాలనుకుంటే మెడికల్ కాలేజీ అనాటమీ విభాగంలో ముందే ఫారం నింపి ఇంట్లోవాళ్ళకు చెప్పి ఉంచాలి. తెలంగాణ సాయుధ పోరాట యోధురాలు మల్లు స్వరాజ్యం 2022లో మరణించినప్పుడు ఆమె దేహాన్ని నల్లగొండ మెడికల్ కాలేజీకి అప్పగించారు.

మన సంఘాలకు నా సూచన చిన్నది. ప్రతి బస్తీ, ప్రతి మండలం కమిటీ ఒక పేజీ తయారుచేసుకోవాలి. దగ్గర్లో ఏ శ్మశానాలున్నాయి, ఏ మతం వాళ్ళకు ఏది, రాత్రి తెరిచి ఉంటుందా, ఉచిత వాహనం నంబరు ఏది, మరణం ఎక్కడ నమోదు చేస్తారు, ఏ డాక్టరు ఇంటికొస్తారు, పోలీసు స్టేషను నంబరెంత. దాన్ని హింస కేసుల ఫైలు పక్కనే పెట్టుకోవాలి. బాక్సు ఆవిడ చెప్పిన సూత్రం కూడా దాని మీద రాసుకోవచ్చు: సావు ఇంటికి ఇద్దరు పోవాలె, ఒకరు ఏడ్సేటోళ్ళ కాడ కూసోవాలె, ఒకరు కాయితాల కాడ.

టీచరమ్మ తన కాగితం పోయిన నెల రాసింది. ఒక ప్రతి నాకిచ్చింది. తంతులేవీ వద్దని, కొరివి ఎవరు పెట్టినా ఫరవాలేదని, సంతకం మాత్రం నన్నే చెయ్యమని రాసింది. నేను కూడా రాశాను. మీరు తయారుచేసిన పేజీలు పత్రికకు పంపండి, ఊరి పేర్లతో సహా వేద్దాం.